నల్ల కాగితం చంద్రుళ్ళు

ఆదివారం పొద్దున పదింటికి పిచ్చుక ఇల్లంతా గాలించింది. నల్ల కాగితం దొరకలేదు. అమ్మానాన్నలు సరుకులకి వెళ్ళారు. చంద్రకళల చార్టు చూస్తే రేపే ఇవ్వాలి. వారం ముందు ఇచ్చిన పనిని ఇంతదాకా నానబెట్టింది మరి, ఎవరిని అనాలి?

పిచ్చుక అసలు పేరు కాదు. క్షణం నోరు మూయదని నాన్న పెట్టిన పేరు.

చివరికి ఆమె కళ్ళు అమ్మ గది కిటికీ మీద పడ్డాయి. అమ్మకి బిస్కెట్ ఫ్యాక్టరీలో నైట్ డ్యూటీ. పగలే నిద్రపోవాలి. అందుకని నాన్న ఆ కిటికీ నిండా నల్ల కాగితం టేపుతో అంటించాడు.

పిచ్చుక కింది టేపు ఊడదీసింది. ఎనిమిది గుండ్రాలు కత్తిరించింది. కాగితాన్ని మళ్ళీ అంటించి, కర్టెన్ లాగింది. గదిలో చీకటిగానే ఉంది.

"ఎవరికి తెలుస్తుందిలే!" అనుకుంది.

సోమవారం మధ్యాహ్నం క్లాసులో చార్టు చూపించింది. నల్ల గుండ్రాల మీద వెలుగున్నంత మేర తెల్ల కాగితం అంటించింది. అమావాస్యకి మాత్రం అక్కర్లేకపోయింది.

"పొద్దున ఇటున్న ఎండ మధ్యాహ్నానికి అటెలా వెళ్తుంది?" అని టీచర్ అడిగింది.

"ఎండ వెళ్ళదు టీచర్, భూమే తిరుగుతుంది. దాంతోపాటు మా ఇల్లూ, కిటికీలూ అన్నీ తిరుగుతాయి!"

అందరూ చప్పట్లు కొట్టారు. చార్టు ఎగ్జిబిషన్ గోడెక్కింది.

సాయంత్రం అమ్మ కళ్ళు ఎర్రగా ఉన్నాయి. పిచ్చుక చూసింది కానీ, తన గొప్పలు చెప్పుకోవడంలో పడి ఎందుకని అడగలేదు.

మంగళవారం పొద్దున నాన్న అమ్మని నడిపించుకుంటూ తెచ్చాడు. అమ్మ ఎడమ చేతికి పెద్ద కట్టు ఉంది.

"పిండి కోసే మెషిన్ దగ్గర కునుకు పట్టిందట. రెండు వేళ్ళ కొసలు పోయాయమ్మా," అన్నాడు నాన్న.

పిచ్చుక అమ్మ రెండో చెయ్యి పట్టుకుంది.

"నిన్న పగలు నిద్రపోలేదా అమ్మా?"

"రెండయ్యేసరికి ఎండ కర్టెన్ దాటి సరిగ్గా మొహం మీద పడింది. దుప్పటి కట్టాను, నిలవలేదు."

"కాగితం నేనే కత్తిరించానమ్మా."

"చూశానులే. చార్టు కోసమేగా అనుకున్నా," అని అమ్మ కళ్ళు మూసుకుంది.

తిట్టినా బాగుండేది. పిచ్చుక వెక్కి వెక్కి ఏడ్చింది.

బడికి వెళ్తూ దారిలో షాపులో నల్ల కాగితం అడిగింది. "అందరూ చార్టులకే కొనేశారు పాపా, అయిపోయింది," అన్నాడు షాపాయన.

లంచ్ బెల్ కొట్టగానే పిచ్చుక టీచర్ దగ్గరికి పరిగెత్తి జరిగిందంతా చెప్పేసింది. "నా చార్టు ఇచ్చేయండి టీచర్. రెండింటికి మా కిటికీ మీదకి ఎండ వచ్చేస్తుంది."

"రేపే ఎగ్జిబిషన్. ఇది తీసేస్తే నీ పేరు ఉండదు."

"పేరు వద్దు టీచర్."

టీచర్ వాచీ చూసుకుంది. చార్టుకున్న పిన్నులు తనే పీకి, పిచ్చుకని ఇంటికి పంపింది.

గదిలో అమ్మ నిద్రపోతోంది. కట్టు కట్టిన చెయ్యి దిండు మీద ఉంది. పిచ్చుక అడుగుల చప్పుడు కాకుండా వెళ్ళింది. చార్టు మీంచి గుండ్రాలు ఊడదీసి, వాటి మీది తెల్ల కాగితాలు ఒక్కొక్కటే ఒలిచింది. పౌర్ణమిది ఒక పట్టాన ఊడలేదు. గోటితో గీకింది. ఎనిమిదీ అమావాస్యలయ్యాక కన్నాలకి అంటించి, చుట్టూ టేపు వేసింది.

రెండయింది. ఎండ కిటికీ దాకా వచ్చి బయటే ఆగిపోయింది. అమ్మ నిద్రలోనే సన్నగా మూలిగింది, కానీ లేవలేదు.

పిచ్చుక వీధి గుమ్మంలో కూర్చుంది. ఎదురింటి పిల్ల దూరం నుంచే, "ఏయ్ పిచ్చుకా, ఆడుకుందాం రా!" అని కేకేసింది.

పిచ్చుక పెదాల మీద వేలు పెట్టుకుంది. ఆ వేలిని ఒకసారి చూసుకుని, మళ్ళీ అక్కడే పెట్టుకుంది.