యాసిన్‌ని ‘గారూ’ అన్న రోజు

“ఒరేయ్ బానిసా! గుర్రానికి స్నానం చేయించావు, బానే ఉంది. మరి నువ్వెప్పుడు చేస్తావు?”

పొద్దున్న తొమ్మిదింటికి, ఇనుప వంతెన దిగేచోట, వరసగా నిలబడ్డ పది గుర్రబ్బళ్లలో నా బండినే వెతుక్కుని మరీ వచ్చి యాసిన్ జోప్, వెంట వచ్చినవాళ్లకీ తెలిసేలా ఫ్రెంచిలో అన్న మొదటి మాట అది. ఆమె వెనకాల తెల్లటోపీలు పెట్టుకున్న ఫ్రెంచి ముసలి దంపతులు కొయ్యబారిపోయి నిలబడ్డారు.

“వచ్చావా జోపూ! నీ గొంతు వినగానే బజార్లో బియ్యం కొట్లన్నీ మూసేశారు. పొద్దున్నే ఎన్ని కుండలు ఖాళీ చేశావే?”

“నువ్వు నాకిన మూకుడు కంటే తక్కువేలే. దిగి మెట్టు వెయ్యి, పెద్దవాళ్లు ఎక్కాలి.”

మెట్టు వేశాను. ముసలావిడ ఎక్కకుండా మా ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసింది. ఆవిడ పేరు మదాం ఓడిల్. “ఏమైంది? అతన్ని బానిస అన్నావా? ఈ ఊళ్లో ఆ మాట అనొచ్చా అమ్మాయ్?” అంది భయంగా.

యాసిన్ నవ్వింది. “అతను న్జాయ్, నేను జోప్ అండీ. మా రెండు ఇంటిపేర్లకీ తాతల నాటి నుంచి వేళాకోళం వరస. ఎదురుపడితే తిట్టుకోవాలి. కోపం మాత్రం తెచ్చుకోకూడదు. ఇక ఆ మాటంటారా, దాంతో నిజంగా మనుషుల్ని అమ్మినవాళ్లు ఈ మేడల కింద వాళ్లని బంధించే గదులు కట్టి వెళ్లిపోయారు. మేం దాన్ని ఒకళ్ల మీద ఒకళ్లం విసురుకుని అరగదీస్తున్నాం.”

మదాం ఓడిల్ ఆ మేడల వైపు ఒకసారి చూసింది. తర్వాత నా చేయి పట్టుకుని బండెక్కింది.

నా పేరు బిరామ్ న్జాయ్. ఒకప్పుడు ఫ్రెంచివాళ్లు ఏలిన, పటాల్లో సెయింట్ లూయీ అనీ, మేము న్దార్ అనీ పిలిచే ఈ ఊళ్లో, నదికీ సముద్రానికీ మధ్య ఇరుక్కున్న మా లంకలో బండి తోలడం నా పని. ఊరు చూపించడం యాసిన్ పని. మూడేళ్లుగా ఆమె తీసుకొచ్చే మనుషులు నా బండే ఎక్కుతున్నారు. పాత మేడలు చూడటానికి వచ్చినవాళ్లు మా తిట్లు విని మురిసిపోయి వెళ్తుంటారు. ఎన్ని తరాలుగా ఈ వేళాకోళం సాగుతోందో నాకు తెలియదు కానీ, ఒక్క న్జాయ్ కూడా ఓడిపోయానని ఒప్పుకున్నది లేదు. ఒక్క జోప్ కూడా లేదు.

“ఈ గుర్రం పేరు గవర్నర్ అండీ,” అని యాసిన్ మొదలుపెట్టింది. “పూర్వం మా తాతలు గవర్నర్లని మోశారు. ఇప్పుడు గవర్నరే మమ్మల్ని మోస్తున్నాడు.”

ముసలాయన పగలబడి నవ్వాడు. గవర్నర్ మాత్రం తోక ఆడించి తన దారిన తాను నడిచాడు.

ఇటుకరంగు గోడల మధ్య, కాగితంపూలు వేలాడే కొయ్య బాల్కనీల కింద బండి సాగింది. అన్నిటికంటే పెద్ద బాల్కనీ ముందు ఆపాను. వెనకటికి ఇక్కడ దొరసానులు పట్టు గొడుగులు పట్టుకుని నిలబడేవారని యాసిన్ చెబుతుంటే నాకు ఊరుకోబుద్ధి కాలేదు.

“ఆ మేడ ఎలాగూ నీకు రాసిపెట్టి లేదు కానీ, నన్ను చేసుకోవే. పెళ్లినాడే నీకు విడుదల పత్రం రాసిస్తాను!”

“నిన్నా? నిన్ను మొగుణ్ణి చేసుకుంటే నా ఇంట్లో అంట్లు తోమే బానిసని ఇంకెక్కణ్ణుంచి తెచ్చుకోవాలి?”

ఆమె దాన్ని ఫ్రెంచిలో చెప్పగానే దంపతులు చప్పట్లు కొట్టారు. యాసిన్ కూడా నవ్వింది. నవ్వి, ఒక్క క్షణం ఆగి, నావైపు చూసింది. నేను గవర్నర్‌ని అదిలించాను.

అది పదకొండోసారి నేనామెని అడగడం.

* * *

మధ్యాహ్నం బజారుకి వెళ్లాను. మా మేనత్త నఫీ అక్కడ ఎండుచేపలు అమ్ముతుంది. నన్ను చూడగానే ఈగలు తోలే విసనకర్ర పక్కన పడేసింది.

“వచ్చావా? నీ జోప్ పిల్లకి సంబంధం కుదురుతోందటరా. తియేస్ పట్నంలో మందుల షాపు అతను. శుక్రవారం నమాజు అయ్యాక కోలా గింజలు పట్టుకుని పెద్దలు వస్తారట.”

కోలా గింజలు పుచ్చుకుంటే మాట ఇచ్చినట్టే. ఆ రోజు మంగళవారం.

“యాసిన్ ఒప్పుకుందా అత్తా?”

“శుక్రవారమే చెబుతానందట. నువ్వెప్పుడైనా ఆ పిల్లని అడిగి ఏడిచావా?”

“పదకొండు సార్లు అడిగాను.”

“ఏమని?”

చెప్పాను. విడుదల పత్రం సంగతి కూడా చెప్పాను. మా అత్త తల పట్టుకుంది.

“ఓరి దేవుడా! వేళాకోళం ఆడేవాడు పెళ్లి మాటన్నా అది వేళాకోళమే అవుతుందిరా! అదెలా నమ్ముతుంది? కాస్త మర్యాద నేర్చుకుని, మనిషిలా మాట్లాడు.”

అత్త మాట నాకు సబబుగానే తోచింది. ఆ రాత్రంతా మర్యాదగా మాట్లాడటం ఎలాగో ఆలోచిస్తూ పడుకున్నాను. నా ఆలోచనల్లో అంత బుద్ధితక్కువది ఇంకోటి లేదు.

* * *

బుధవారం ఉతికిన చొక్కా వేసుకుని వెళ్లాను.

“ఒరేయ్ బానిసా, ఈ చొక్కా ఎవరిది?” అంది యాసిన్ దూరం నుంచే.

“సలాం యాసిన్ గారూ. రాత్రి బాగా నిద్రపట్టిందాండీ? ఇంట్లో అందరూ క్షేమమా?”

ఆమె వెనక్కి తిరిగి చూసింది. “గారా? మా మామ్మ గానీ నా వెనకాల వచ్చిందా?” మామ్మ పేరే ఈమెకీ పెట్టారు.

“లేదండీ. తమర్నే అంటున్నాను. మెట్టు తడిగా ఉంది, చూసి ఎక్కండి.”

“జ్వరమా నీకు?”

“లేదండీ.”

“లేదండీ,” అని చేదు మాత్ర మింగినట్టు మొహం పెట్టి తనూ ఒకసారి అని చూసుకుంది. తర్వాత నా పక్కన ముందు సీట్లో కూర్చుంది. రోజూ నన్ను మోచేత్తో పొడిచి పక్కకి తోసి కూర్చునే మనిషి, ఇవాళ మధ్యలో జానెడు చోటు వదిలింది.

మదాం ఓడిల్ దంపతుల్ని సముద్రం వైపు జాలరిపేటకి తీసుకెళ్లాం. రంగురంగుల పడవలు ఇసుక మీదికి లాగి ఉన్నాయి. యాసిన్ ఓ పడవ చూపించి గట్టిగా అంది. “ఈ పడవ చూశారా? ఈ న్జాయ్‌ల తాత ఇలాంటిదే ఎక్కి వేటకి పోతే, ఆయన మొహం చూసి చేపలే జాలిపడి ఇంటికి తెచ్చి దింపాయి!”

నా నాలుక చివర బ్రహ్మాండమైన జవాబు ఆడుతోంది. ఆ చేపల్ని దారిలోనే తినేసిన జోప్‌ల గురించి. పళ్ల బిగువున ఆపుకుని కళ్లెం సర్దుకున్నాను.

ఆమె ఇంకొకటి అంది. ఇంకొకటి. చివరికి గవర్నర్‌ని కూడా అంది. నేను కళ్లెం సర్దుకుంటూనే ఉన్నాను. ఆమె గొంతు మెల్లమెల్లగా సన్నబడిపోయింది. పడవల గురించి చెప్పాల్సినవి సగమే చెప్పి ఊరుకుంది.

తిరుగుదారిలో, చిన్న వంతెన దాటి లంకలోకి వస్తుండగా వాన పట్టుకుంది. ఆగస్టు వాన, చినుకులన్నీ చింతపిక్కలంత ఉన్నాయి. దంపతుల మీదికి బండి టాపు లాగాను. ముందు సీటుకి టాపు రాదు. ఉన్న ఒక్క ప్లాస్టిక్ పట్టా మా ఇద్దరి తలల మీదా కప్పాను. జానెడు చోటు బెత్తెడైంది. ఆమె జుట్టులో సాంబ్రాణి వాసన నా దాకా వచ్చింది. ఇంతకంటే మంచి సమయం దొరకదని గొంతు సవరించుకున్నాను.

ఆమే ముందు మాట్లాడింది. “నాకొకటి చెప్పు. మీ నాన్న పోయిన రోజు గుర్తుందా?”

ఎలా మర్చిపోతాను! ఇల్లంతా ఏడుస్తుంటే, అప్పటికి నాతో సరిగా పరిచయం కూడా లేని ఈ పిల్ల గుమ్మంలో నిలబడి, “మా బానిస పని ఎగ్గొట్టి ఎక్కడికి పారిపోయాడర్రా?” అని అరిచింది. నేను ఏడుస్తూనే నవ్వాను. తర్వాత ఆమె కూడా నా పక్కన కూర్చుని ఏడ్చింది. ఆ రోజే నేను ఆమెకి పడిపోయాను.

“గుర్తుందండీ.”

“ఆ రోజు రాని కోపం ఇవాళ ఎందుకొచ్చింది బిరామ్?”

“కోపం కాదండీ. యాసిన్ గారూ, మీతో ఒక ముఖ్యమైన విషయం...”

“చెప్పకు.” ఆమె పట్టా అంచు వదిలేసింది. “నాకర్థమైంది. శుక్రవారం సంగతి నీ దాకా వచ్చింది. ఇంకొకరింటికి పోయేదానితో నాకేంటని పరాయిదాన్ని చేశావు. వరస తెంచుకుంటున్నావు. మంచిది. సెలవు, న్జాయ్ గారూ.”

నడుస్తున్న బండి మీంచి వానలోకి దిగిపోయింది. నేను పిలిచేలోపలే సందు తిరిగింది. పుట్టి బుద్ధెరిగాక నన్ను ఎన్నో తిట్లు తిట్టారు. ఆ ‘గారూ’ తగిలినంతగా ఒక్కటీ తగల్లేదు.

వెనక నుంచి మదాం ఓడిల్ నా భుజం తట్టింది. “నిన్న మీ ఇద్దరూ అరుచుకుంటుంటే, పెళ్లికి ముందు మమ్మల్ని మేం చూసుకున్నట్టుంది. ఇవాళ లాయరు ఆఫీసులో కూర్చున్నట్టుందయ్యా. ఏం చేశావు?”

“మర్యాదగా మాట్లాడానండీ.”

“మానెయ్,” అంది ఆవిడ. “హోటలు పక్క వీధే కదా, మేం నడిచిపోతాం. నువ్వెళ్లు.”

* * *

పెద్దవాళ్లు లేకుండా పిల్లనడగడానికి వెళ్లకూడదు కాబట్టి, బజారుకి తోలుకెళ్లి మా అత్తని ఎండుచేపల మూటతో సహా బండెక్కించాను. జరిగింది చెబితే ఆ మూటతోనే నా వీపు మీద ఒకటిచ్చింది.

“మర్యాద అంటే పెళ్లి మాట ఒక్కటీ మర్యాదగా అడగమన్నాను గానీ, పొద్దుణ్ణుంచీ దాన్ని పరాయిదాన్ని చెయ్యమన్నానా, దద్దమ్మా?”

జోప్‌ల వాకిట్లోకి వచ్చేసరికి వాన వెలిసింది. మామ్మ చూరు కింద కూర్చుని వేరుశెనక్కాయలు వలుస్తోంది. “ఎవరర్రా వచ్చింది? వాసన చూస్తే మా న్జాయ్ బానిసల్లా ఉందే!”

“నీ అన్నం కుండ దాచుకో ముసలీ, జోప్‌లెవరైనా ఎత్తుకుపోగలరు,” అంది మా అత్త గబుక్కున.

తడి బట్టలు మార్చుకున్న యాసిన్ గుమ్మంలోకి వచ్చింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి. “సలాం న్జాయ్ గారూ,” అంది.

“ఇంకోసారి ఆ మాటనకు, చచ్చిపోతాను,” అన్నాను. “నన్ను చేసుకో యాసిన్.”

మామ్మ పకపకా నవ్వింది. “పన్నెండోసారి! ఈసారి విడుదల పత్రం తెచ్చావా?”

మా అత్తకీ నవ్వొచ్చింది. యాసిన్ ఒక్కతే నవ్వలేదు. “పదకొండు సార్లు అడిగావు. పదకొండు సార్లూ నవ్వాక ఆగి నీ మొహం చూశాను, ఇంకో మాటేమైనా అంటావేమోనని. నువ్వు గుర్రాన్ని అదిలించేవాడివి. నిన్నటిదాకా అన్నీ వేళాకోళాలు. ఇవాళేమో అండీ, గారూ. ఇందులో నిజమేదో నాకెలా తెలుస్తుంది బిరామ్? శుక్రవారం వచ్చేవాళ్లకి నేనేం చెప్పాలి?”

ఒట్టు పెట్టినా నమ్మదు. న్జాయ్ ఒట్టు మీద కూడా జోప్‌ల దగ్గర పది జోకులున్నాయి. ఏ న్జాయ్ కూడా వేళాకోళానికైనా అననిది ఒక్కటే ఉంది. ఆమె ముందుకి నడిచి టోపీ తీశాను.

“మామ్మా, మీరూ వినండి. జోప్‌లే దొరలు. న్జాయ్‌లమే మీ బానిసలం. తిండిపోతులం కూడా మేమే. మా నాన్న, మా తాత, అందరం ఓడిపోయాం. ఈ మాట నవ్వకుండా అంటున్నాను.”

మామ్మ ఒళ్లోని కాయలన్నీ నేల మీద పడ్డాయి.

“ఒరేయ్!” మా అత్త తలమీది గుడ్డ లాగి మొహం కప్పుకుంది. “నోరు ముయ్యరా! మన వంశంలో ఇంత మాట ఎవడూ అనలేదురా! మీ నాన్న వింటే సమాధిలోంచి లేచొస్తాడు!”

యాసిన్ నా మొహంలోకే చూస్తోంది. ఈసారి అదిలించడానికి నా చేతుల్లో కళ్లెం లేదు. నేనూ ఆమెవైపే చూశాను.

“మామ్మా,” అంది, “శుక్రవారం వచ్చేవాళ్లని రావద్దని మంచిగా కబురు పెట్టు.” నావైపు తిరిగి, గొంతు తగ్గించి, “నువ్వన్నది తప్పు. తిండిపోతులం మేమే. పొద్దున రెండు పళ్లాలు తిన్నాను,” అంది.

“ఓసి నీ బుద్ధి మండా!” అని గుండెలు బాదుకుంది మామ్మ. “రెండిళ్ల పరువూ ఒక్క పూటలో గంగలో కలిపారు కదర్రా! నఫీ, బయట ఎవరైనా విన్నారా?”

అత్త వీధిలోకి తొంగి చూసింది. “గుర్రం తప్ప ఎవరూ లేరు.”

“అయితే పొక్కేలోగా వీళ్లకి ముడిపెట్టెయ్యాలి. మొగుడూ పెళ్లాల మధ్య అనుకున్న మాట ఎవరూ పట్టించుకోరు. శుక్రవారం కోలాతో రండి. మందుల షాపు అబ్బాయి పాపం మంచివాడు, అతనికి నేను చెప్పుకుంటాను. అంతదాకా ఆ మూట ఇలా పెట్టు, ఉత్త చేతులతో వచ్చారని ఎవరూ అనకుండా.”

మా అత్త ఎండుచేపల మూట మామ్మ ఒళ్లో పెట్టింది. ముసలమ్మ దాన్ని వాసన చూసి, ముక్కు మూసుకుని, దీవించింది.

నాకు కళ్లు చెమర్చాయి. టోపీ మళ్లీ పెట్టుకున్నాను. ఇంతలో వీధిలో కరకరమని చప్పుడైంది.

“ఒరేయ్ బానిసా!” యాసిన్ కేక వాడంతా వినబడింది. “నీ గవర్నరు మా మామ్మ మొక్కజొన్నంతా మేసేస్తున్నాడు! వెళ్లి పట్టుకో!”

నా ఒళ్లు ఝల్లుమంది. ఆ ‘గారూ’ విన్నప్పటి నుంచీ నేను వినాలనుకున్న మాట అదే.

“వస్తున్నానే తిండిపోతూ,” అన్నాను.