చెరిపేసిన పదహారు అక్షరాలు

లిఫ్ట్ తలుపు తెరుచుకునేసరికి, రహస్య పత్రాలు మోసే కొరియర్ ప్రాణం పోయింది. లిఫ్ట్ మెకానిక్ యూనిఫాంలో వచ్చిన ఇద్దరు పని ముగించి, దర్జాగా మెట్లు దిగి వెళ్లిపోయారు. ఆ కొరియర్ వెళ్లే దారి ఈ గూఢచారి ఆఫీసులో తప్ప ఎవరికీ తెలియదు.

"ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. నువ్వు పట్టు. వెంటనే," అన్నాడు చీఫ్, ఏజెంట్ ముంగిసతో.

ముంగిస దిగులంతా వదిన గురించే. విదేశీ ముఠా రహస్య లిపిని ఛేదించిన సైంటిస్టు ఆవిడ. ఊరవతల సేఫ్‌హౌస్‌లో దాచారు. ఆవిడకేమైనా అయితే అన్నయ్యకు మొహం చూపించలేడు.

ఆఫీసు కంప్యూటర్ల నుంచి బయటికి వెళ్లిన డేటా ప్యాకెట్ల రికార్డింగ్‌ను ఏజెంట్ నెమలి తెచ్చింది. శత్రువుల మధ్య మన గూఢచారిగా ఉండి తిరిగొచ్చిన అందగత్తె. ఆమె నవ్వితే చీఫ్ కూడా టై సర్దుకుంటాడు.

"అంతా క్లీన్. చూసుకో," అంది.

చూశాడు. అన్నీ పనికిరాని కబుర్లే. మాటలు వదిలేసి నంబర్లు పట్టుకున్నాడు. పంపే కంప్యూటర్ ప్రతి అక్షరానికీ వరుస నంబర్ వేస్తుంది, అది సీక్వెన్స్. అందుకునేది తనకిక ఏ నంబర్ నుంచి కావాలో చెబుతుంది, అది అక్‌నాలెడ్జ్‌మెంట్. ఇక్కడ మన ప్యాకెట్ 5001తో మొదలైంది, అందులో రెండొందల అక్షరాలు. అవతలివాడు 5201 అడగాలి. అడిగింది 5217.

ముంగిస ఆ నంబర్‌పై వేలు పెట్టి నెమలికి చూపించాడు.

"మధ్యలో ఏదో దారిలో పోయుంటుందిలే," అంది నెమలి తేలిగ్గా.

"దారిలో పోతే వాడు 5201 కావాలని మొండికేసేవాడు. ముందుకెళ్లాడంటే అందింది. మన ఫైల్లోనే లేదు. పదహారు అక్షరాలు."

ఆ మాట అంటూనే అతనికి గుర్తొచ్చింది. వదిన గది తలుపు కోడ్‌కు సరిగ్గా పదహారక్షరాలే.

సేఫ్‌హౌస్ కెమెరా ఆన్ చేశాడు. కారిడార్‌లో ఇద్దరు లిఫ్ట్ మెకానిక్‌లు! ఒకడు అప్పుడే కీప్యాడ్ నొక్కుతున్నాడు. ముంగిస ఇక్కడి కంప్యూటర్ నుంచే గబగబా కొత్త కోడ్ కొట్టాడు. అక్కడ వాడు చివరి అక్షరం నొక్కాడు. ఎర్ర లైటు వెలిగింది, అలారం మోగింది. వాడు తెల్లమొహం వేసి మళ్లీ నొక్కేలోపు పై అంతస్తు గార్డులు చుట్టుముట్టారు.

నెమలి చెయ్యి హ్యాండ్‌బ్యాగ్‌లోకి వెళ్లింది. వెనకే నిలబడి అంతా వింటున్న చీఫ్ పిస్టల్ అంతకంటే ముందే లేచింది.

"ఎక్కడ దొరికిపోయాను?" పెదవి కొరుక్కుంది ఆమె.

"నువ్వు చెప్పింది చెరిపేశావు. వాడు ఊ కొట్టింది అలాగే వదిలేశావు."

ఫోన్ మోగింది. వదిన.

"మరిదీ, కోడ్ మార్చావట, చల్లగా ఉండు. లోపలి నుంచి కూడా తలుపు రావట్లేదు. ఆ కొత్తదేదో నాకూ చెబుతావా, కిటికీలోంచి దూకమంటావా?"