నార్మల్ అన్న మాట

సముద్రం అడుగున కట్టిన ఆ ఊళ్లో సూర్యుడు కనిపించడు. నీళ్లు రాకుండా ఊరిని కప్పిన గోపురాల లోపల దీపాలు తెల్లబడితే తెల్లవారినట్టు. అప్పుడు ఇంటింటి గోడ మీదా పరిపాలక మండలి బులెటిన్ వెలుగుతుంది. దాన్ని చదివాకే జనం కాఫీ కలుపుకుంటారు.

ఆ రోజు బులెటిన్ ఇంకా వెలగలేదు. అందులో ఏం రాయాలో డాక్టర్ అలివేలు ప్రయోగశాలలో తేలవలసి ఉంది. నాలుగో గోపురం గోడ బీటలిచ్చింది. సాయంత్రం దాకా ఆగడం కష్టమని ఇంజనీర్లు చెప్పారు. ఈలోగా అక్కడివాళ్లంతా ఒకే ఒక ఇరుకు సొరంగం గుండా మూడో గోపురానికి వచ్చెయ్యాలి. అలివేలు అక్క కనకం ఇల్లు కూడా ఆ నాలుగో గోపురంలోనే.

"నిజం చెప్పామంటే సొరంగంలో తొక్కుకు చస్తారు," అన్నాడు మండలి అధ్యక్షుడు దొరబాబు. "పరిస్థితి నార్మల్ అని వేసి, మెల్లగా వీధి తర్వాత వీధి ఖాళీ చేయిద్దాం. వెనకటి పేపర్లు ఈ మాట తెగ వాడేవటగా? జనం మీద ఎలా పనిచేసేదో మీ యంత్రాన్ని అడగండి."

ఆ యంత్రం పేరు చదువరి. ఒక దశాబ్దపు పత్రికలన్నీ, వార్తలతో పాటు సినిమా ప్రకటనలూ బియ్యం ధరలూ సంపాదకుడికి రాసిన లేఖలూ దానికి ఎక్కిస్తే, ఆ కాలపు పాఠకుడి మనసు అందులో తయారవుతుంది. ఆ మనసుకు ఒక మాట చూపిస్తే, భయపడితే తెర మీద గీత లేస్తుంది, ఊరట కలిగితే వాలుతుంది. అలివేలు దానికి స్పందనరేఖ అని పేరు పెట్టింది. బతికున్న మనిషి నుదుటికి పట్టీ కడితే, ఆ మనిషి రేఖ కూడా పక్కనే పడుతుంది.

ఆమె పందొమ్మిది వందల యాభైల నాటి పాఠకుణ్ణి లేపింది. కర్ఫ్యూ మర్నాడూ, కలరా రోజుల్లోనూ, కాల్పుల తర్వాతా అచ్చయిన ఇంగ్లీషు వార్తలు చూపించింది. అన్నిటి చివరా అదే మాట, నార్మల్.

గీత నిట్టనిలువుగా లేచింది.

"ఇదేంటి, తిరగబడింది?" అని దొరబాబు యంత్రం వైపు వంగాడు. "అయ్యా, మామూలుగా ఉందనేగా రాశారు. భయమెందుకు?"

"మామూలుగా ఉంటే అచ్చెయ్యడం ఎందుకండీ?" అంది చదువరి, అరుగు మీద పేపరు మడుస్తున్న పెద్దమనిషి గొంతుతో. "మా ఊరి పేరు పక్కన ఆ మాట పడిందంటే నేను ముందు కిరసనాయిలు తెచ్చి పెట్టుకుంటాను. పిల్లల్ని బడికి పంపను. సినిమాకి మాత్రం వెళ్తాననుకోండి, టిక్కెట్లు దొరుకుతాయి."

దొరబాబు తొడ చరిచాడు. "ఇంకేం! గొడవ లేకుండా వాళ్లంతట వాళ్లే కదులుతారు. రాసెయ్యండి డాక్టరమ్మా."

"ఆయన చాలాసార్లు మోసపోయిన మనిషి. మనవాళ్లు ఈ మాటకి ఏం చేస్తారో తెలియదుగా," అంది అలివేలు.

"వాళ్లూ మనుషులేగా?"

పరిస్థితి నార్మల్ అన్న వాక్యం అలివేలు రాసి, పంపకుండా, ముందు పరీక్షిద్దామని పట్టీ తన నుదుటికే కట్టుకుంది. బీట సంగతి తెలిసిన మనిషి కనక తన రేఖే అన్నిటికన్నా పైకి పోవాలి. అంతలో కనకం ఫోను చేసింది.

"ఏమే, బులెటిన్ రాలేదు? మా గోడంతా చెమ్మగా ఉంది. వీధిలో అందరూ గుమ్మాల్లో నిలబడి ఉన్నారు."

అలివేలు కళ్లు ఎదుట ఉన్న వాక్యం మీద ఉన్నాయి. "కంగారేం లేదక్కా. అంతా నార్మలే," అంది.

అని, ఫోను పెట్టేసింది. గుండె తేలికపడింది. కాఫీ తాగాలనిపించింది.

"అమ్మా," అంది చదువరి. "గోడ బీటలిచ్చిందని మీకు తెలుసు కదా?"

"తెలుసు."

"మరి మీ గీత అలా పడుకుందేం?"

ఆమె తెర వైపు చూసింది. ముసలాయన రేఖ ఇంకా నిలబడే ఉంది. ఆమెది నేలకు అంటుకుని ఉంది. ఆయన్ని ఇతరులు మోసగించారు. ఆమెను మోసగించడానికి ఇంకెవరి అవసరమూ లేకపోయింది.

దొరబాబు వద్దంటున్నా ఆ మాట చెరిపేసి, ఉన్నదున్నట్టు రాసి బులెటిన్ పంపింది. వెంటనే అక్కకు ఫోను చేసింది.

"చదివావా? బయల్దేరు!"

"చదివాంలే," అని కనకం ఆవులించింది. "మండలివాళ్లకి ఎప్పుడూ కంగారే. మా చెల్లెలే చెప్పింది, నార్మలేనట అని వీధంతా తిరిగి చెప్పొచ్చాను, గోపురమంతా పాకింది. పాపం, రాత్రంతా నిద్ర లేనివాళ్లు, అందరూ వెళ్లి పడుకున్నారు."

అలివేలు పరిగెత్తింది. తొక్కిసలాట జరుగుతుందని భయపడ్డ ఆ సొరంగంలో, ఆమెకు ఎదురుగా ఒక్కరూ రావడం లేదు.