ఎస్తేరు మాటలు ఎవరు విన్నారు?

షార్జా అల్ నహ్దాలో ఒక టైపింగ్ సెంటరు పైన అజ్మతుల్లా ఆఫీసు. ఇన్సూరెన్స్ కంపెనీల తరఫున దొంగ క్లెయిములు విచారించడం ఆయన పని. అయినా ఆ చుట్టుపక్కల తెలుగువాళ్లందరికీ ఆయన డిటెక్టివ్ గారే. ఆ పిలుపు ఆయనకంటే ఆయన అసిస్టెంటు రత్నాకర్‌కు ఎక్కువ ఇష్టం. జగిత్యాల నుంచి వచ్చిన రత్నాకర్‌కు నలభై దాటాయి. అయినా అజ్మతుల్లా దగ్గితే అందులో కూడా ఏదో ఆధారం ఉందనుకునే రకం.

2023 అక్టోబరులో ఒక మధ్యాహ్నం వాసంతి అనే ఆవిడ అక్కడికి వచ్చింది. తుని ఆమెది. బ్యూటీ పార్లర్లో పని. ఆమె చెబుతున్నది సగం వినిపించక రత్నాకర్ కుర్చీని రెండుసార్లు ముందుకు లాక్కున్నాడు.

"తలుపు వేసే ఉందమ్మా, భయం లేకుండా చెప్పు" అన్నాడు అజ్మతుల్లా.

"భయం కాదండి, నా గొంతే ఇంత. మా పాప ఎస్తేరు మాటాడట్లేదండి. ఆరేళ్లది. మొన్నమొన్నటి దాకా గలగల్లాడేది. ఈ ఎండాకాలం నుంచి నోరు విప్పలేదు. పిల్లలకు మాటలు నేర్పే తొలిమాట సెంటర్లో వేశాం. సర్కారు గ్రాంటుతో నడుస్తాది, ఫీజు లేదు. ఇప్పుడు వాళ్లు పిల్ల బాగుపడిపోయింది, బాగా మాటాడుతోంది, వచ్చేవారం నుంచి రావద్దు అంటున్నారు."

"మాట్లాడుతోందని ఎట్లా తేల్చారు?"

వాసంతి వివరంగా చెప్పింది. రికార్డరు కుట్టిన చిన్న చొక్కా ఒకటి సెంటరు వాళ్లు ఇస్తారు. పిల్ల దాన్ని ఒకరోజంతా తొడుక్కోవాలి. పిల్ల ఎన్ని మాటలాడిందో, ఎదుటివాళ్లకు ఎన్నిసార్లు జవాబిచ్చిందో మెషీన్ లెక్కపెడుతుంది. ఇంటి విషయాలు బయటికి పోకూడదు గనుక గొంతును చెరిపేసి అంకెలు మాత్రం ఉంచుతుంది. ఎస్తేరు అంకెలు ఆ వయసు పిల్లలందరితో సమానంగా వచ్చాయి.

"నేను అబద్ధం ఆడుతున్నాననుకుంటున్నారు. ఆ సీటు పోతే పాపను తీసుకుని ఊరెళ్లిపొమ్మన్నారు మా ఆయన. అప్పుడు ఆయన ఇక్కడ జెబెల్ అలీ లేబర్ క్యాంపులో, మేం అక్కడ తునిలో. నా పిల్ల చొక్కా ఇంకెవరికో తొడిగారండి. ఎవరో కనుక్కోండి."

ఆమె కళ్లు తుడుచుకోవడం కూడా చప్పుడు లేకుండానే సాగింది. పాపం, ఆ మనిషిని చూస్తే ఎవరికైనా జాలేస్తుంది. రత్నాకర్‌కు మరీను.

మర్నాడు ఇద్దరూ తొలిమాటకు వెళ్లారు. మేనేజరు సైఫ్ నెల్లూరు మనిషి, మాట మహా నున్నన. "మా పిల్లల్లో ఎక్కువమంది బాగుపడుతున్నారని పైవాళ్లకు చూపించాలి సార్. చూపిస్తేనే గ్రాంటు. అలాగని అంకెలు మార్చుకునే అవసరం మాకు లేదు" అన్నాడు. అంకెల మాట ఆయనే ముందు ఎత్తడంతో రత్నాకర్ కళ్లు మెరిశాయి. దొంగ దొరికాడనే అనుకున్నాడు.

మాటలు నేర్పే టీచరు మాహిరా హైదరాబాద్ అమ్మాయి. పాపతో తను కూర్చునే గది చూపించింది. ఒక గోడంతా నల్లటి అద్దం, వెనకనుంచి పెద్ద డాక్టరు చూడటానికి.

"తల్లిదండ్రులు ఈ గదిలోకి వస్తారా?" అని అడిగాడు అజ్మతుల్లా.

"అస్సలు రారు సార్. బయట కారిడార్లో కూర్చుంటారు. వాళ్లుంటే పిల్లలు మాట్లాడరు."

"ఎస్తేరు నీతో మాట్లాడిందా అమ్మా?"

మాహిరా తల అడ్డంగా ఊపింది. "లేదు సార్. ఒక్క మాట కూడా లేదు. మరి అంకెలు మంచిగొచ్చినయ్. మెషీన్ అబద్ధం చెప్పదు కదా, ఇంట్లో మాట్లాడుతుందేమో అనుకున్నా."

సాయంత్రం వాసంతి ఉండే బిల్డింగుకు వెళ్లారు. లిఫ్టులో ఒక నోటీసు అంటించి ఉంది. ఫ్లాట్లను పలకలతో, తెరలతో చీల్చి అద్దెకివ్వడం నేరమనీ, తనిఖీలు జరుగుతాయనీ దాని సారాంశం. అజ్మతుల్లా తలుపు తట్టగానే లోపల వినిపిస్తున్న మాటలన్నీ ఒక్కసారి ఆగిపోయాయి. వాసంతి వచ్చి తలుపు తీసింది. హాలును ప్లైవుడ్డు పలకలతో మూడు ముక్కలు చేశారు. వాసంతి వాటాకు తలుపుగా ఒక పూల తెర. లోపల మంచం, దాని మీద ఎస్తేరు. చేతిలో జడలూడిన బొమ్మ.

రత్నాకర్ పిల్లను నవ్విద్దామని గట్టిగా ఏదో జోకు వేశాడు. పిల్ల నవ్వలేదు, గభాల్న బయటి తలుపు వైపు చూసింది. వాసంతి కూడా అటే చూసింది. తల్లీకూతుళ్లు ఒకేలా మెడ తిప్పారు.

"నువ్వు పనికెళ్తే పాపను ఎవరు చూస్తారు?"

"ఎదురు ఫ్లాట్లో సుగ్రా బేగం గారండి. వాళ్ల భాషలో పిన్ని అని ఖాలా అంటాం. దేవుడిచ్చిన మనిషి. ఆ రోజు చొక్కా తొడిగి ఆవిడ దగ్గరే దింపాను."

సుగ్రా బేగంది ప్రొద్దుటూరు. రెండు గదుల ఫ్లాట్లో ఆమె ఒక్కతే. కొడుకు కలీంది సముద్రం మీద చమురు రిగ్గులో పని. వచ్చినప్పుడు నాలుగు రోజులుండి పోతాడు. సోఫాల మీద ప్లాస్టిక్ కవర్లు అలాగే ఉన్నాయి. ఎవరూ వచ్చి కూర్చోని ఇల్లని చూడగానే తెలుస్తుంది.

"ఇక్కడికి వేరే పిల్లలు ఎవరైనా వస్తారా అమ్మా?"

"ఎవరొస్తారు నాయనా? కొడుకే రాడు. ఆ బిడ్డొకతే నాకు. కూచోండి, చాయ్ తాగి పోండి. నిన్న వచ్చినోళ్లు తాగకుండానే పోయిరి." నిన్న వచ్చినవాళ్లు ఏసీ బాగుచేసే మనుషులని తర్వాత తెలిసింది. "బిడ్డను ఆ సెంటరుకు పంపేది నాకిష్టమే లేదు. ఆ నల్లద్దాల గదిలో ఏస్తే బిడ్డ జడుసుకోదా? అద్దం వెనక ఎవరో ఉండారని దానికి ఒకటే గుబులు."

అజ్మతుల్లా చాయ్ మొత్తం తాగాడు. రెండో కప్పు కూడా అడిగి తాగాడు. ఆమె ముఖం వెలిగిపోయింది. మెట్లు దిగుతూ రత్నాకర్ ఉండబట్టలేక అన్నాడు. "సార్, గా సైఫే గోల్‌మాల్ చేసిండు. నాకు పక్కా అనిపిస్తుంది."

"పప్పులో కాలేశావు రత్నాకర్. రేపు అందరినీ సుగ్రా బేగం ఇంటికి రమ్మను. పాపను మాత్రం వాళ్ల వాటాలోనే ఉండనీ."

మర్నాడు ప్లాస్టిక్ సోఫాల మీద సైఫ్, మాహిరా, వాసంతి, సుగ్రా బేగం కూర్చున్నారు. ఇంతమంది ఒకేసారి రావడంతో సుగ్రా బేగం సేమ్యా కూడా వండింది.

"చొక్కా ఎవరూ మార్చలేదు. అంకెలూ ఎవరూ మార్చలేదు. ఎస్తేరు మాట్లాడుతోంది" అని మొదలుపెట్టాడు అజ్మతుల్లా.

"నేను చెప్పలేదా సార్?" అన్నాడు సైఫ్.

"మీరు సగమే చెప్పారు. సుగ్రమ్మా, మీరెప్పుడైనా ఆ సెంటరుకు వెళ్లారా?"

"నేనెందుకు పోతా నాయనా."

"మరి అద్దం సంగతి మీకెట్లా తెలిసింది? వాసంతి ఆ గది చూడలేదు. ఈ మాహిరా ఎవరో మీకు ఈరోజే తెలిసింది. ఆ గదిలోకి వెళ్లి మీ దగ్గరికి వచ్చేది ఒక్క ఎస్తేరే. అద్దం వెనక ఎవరో ఉన్నారని గుబులు పడేదీ ఆ పిల్లే. ఆ మాట మీతో ఎవరన్నారు?"

సుగ్రా బేగం సేమ్యా వడ్డిస్తున్న గరిటెను గిన్నెలో పెట్టేసింది. వాసంతి ఆమె వైపు తిరిగింది.

"ఖాలా, నా కూతురు మీతో మాటాడుతోందా?"

"మాట్లాడతాది. పొద్దన్నుంచి ఒకటే మాటలు. నానీ, నానీ అంటా అమ్మమ్మ కొంగు పట్టుకున్నట్టు నా కొంగు పట్టుకోని తిరుగుతాది." ఆమె తల వంచుకుంది. "నీకు చెబితే బిడ్డ బాగుందని స్కూల్లో ఏస్తావు. మళ్లా ఈ ఇంట్లో నేనూ టీవీ. నాకు తప్పని తెలుసు వాసంతీ. రేపు చెబుదాం, రేపు చెబుదాం అనుకుంటానే ఉన్నా."

"నేను రాత్రుళ్లు ఏడ్చింది మీ భుజం మీదే కదా ఖాలా" అంది వాసంతి.

"జరిగిన నేరంలో ఇది సగమే" అన్నాడు అజ్మతుల్లా, గొంతు తగ్గించి. "ఇక్కడ మాట్లాడే పిల్ల తెర వెనక, సెంటరులో ఎందుకు మాట్లాడదు? వాసంతీ, తలుపులు మూసిన నా ఆఫీసులో కూడా నువ్వు గుసగుసలే ఆడావు. భయపడి కాదు, అలవాటై. మేము తలుపు తడితే మీ ఫ్లాటంతా మూగబోయింది. రత్నాకర్ గొంతు లేస్తే నువ్వూ నీ కూతురూ తలుపు వైపే చూశారు. ఎండాకాలంలో మీ బిల్డింగులో తనిఖీ జరిగిందా?"

"జరిగిందండి. పై అంతస్తు వాళ్లను ఖాళీ చేయించారు. మేం లైటు ఆర్పేసి కూర్చున్నాం."

"ఆ రోజు పాపతో ఏమన్నావు?"

"నోరెత్తితే నాన్నని ఇక్కడే ఉంచేసి మనల్ని ఇండియా పంపేస్తారన్నాను. మళ్లీ మాటాడొచ్చని... మళ్లీ మాటాడొచ్చని చెప్పలేదండి నేను."

"అంతే. పిల్ల నీ మాట వింది. తెర వెనక తనిఖీ వాళ్లు వింటారు, సెంటరులో అద్దం వెనక ఎవరో వింటారు. ఈ ఇంట్లో తెరా లేదు, అద్దమూ లేదు. సైఫ్ గారూ, పిల్ల ఎన్ని మాటలాడిందో మీ మెషీన్ సరిగ్గానే కొలిచింది. ఎవరితో ఆడింది, ఎక్కడ ఆడలేదు అని మీలో ఒక్కరూ అడగలేదు. కన్నతల్లి వచ్చి చెబితే అంకె చూపించి పంపేశారు."

సైఫ్ నున్నటి మాటలు ఆ పూటకు పనికిరాలేదు. సీటు ఉంచుతానన్నాడు. అద్దం లేని గదిలో కూర్చుంటామని మాహిరా చెప్పింది. రత్నాకర్ తన గురువును చూసి మురిసిపోవాల్సిన సమయం అదే. కాని అతను సుగ్రా బేగం వైపు చూస్తున్నాడు. సేమ్యా ఎవరూ ముట్టలేదు.

వాసంతి ఎవరికీ చెప్పకుండా లేచి ఎదురు ఫ్లాటుకు పరుగెత్తింది. మిగిలినవాళ్లు గుమ్మం దాకా వెళ్లి ఆగిపోయారు. పూల తెర సగం తొలగి ఉంది. వాసంతి మంచం దగ్గర మోకాళ్ల మీద కూలబడి, కూతురి ఒళ్లో తల పెట్టి, బిల్డింగంతా వినేలా ఏడ్చింది. ఆ మనిషికి అంత గొంతుందని అక్కడెవరికీ తెలియదు.

ఎస్తేరు బొమ్మను పక్కన పెట్టింది. రెండు చేతులతో తల్లి నోరు మూసి, చెవి దగ్గరికి వంగింది.

"మెల్లగా ఏడు అమ్మా. వాళ్లు వింటారు."