మాస్టర్ టేపు

పొద్దున్నే మృదుల కంప్యూటర్ స్విచ్ నొక్కి వంటింట్లోకి వెళ్లింది. ఇడ్లీ పాత్ర పొయ్యి మీద పెట్టి, చట్నీకి తాలింపు వేసి, చేతులు కడుక్కుని తిరిగి హాల్లోకి వచ్చింది. తెర మీద చుక్కలు ఇంకా గుండ్రంగా తిరుగుతూనే ఉన్నాయి. ఏడింటికి ఆన్‌లైన్ క్లాసు. పిల్లలు అప్పుడే ఫోన్లో మొదలుపెట్టేశారు, మేడమ్ లింకు రాలేదని ఒకరు, ఇవాళ కూడా లేటేనా మేడమ్ అని ఇంకొకరు.

"ఏంది బిడ్డా, ఇంకా లేవలేదా అది?" అని అడిగింది అత్తగారు అండాలమ్మ, సోఫా అంచున కూర్చుని.

"లేవలేదత్తయ్యా. నిన్న కూడా ఇంతే. క్లాసు ఆలస్యమైందని సెంటర్ వాళ్లు ఫోన్ చేసి మరీ అడిగారు. ఏం చెప్పాలో తెలియక నీళ్లు నమిలాను."

మృదుల పుట్టిల్లు భీమవరం. పొద్దున ఇంటి నుంచి లెక్కలు చెబుతుంది. మధ్యాహ్నం భోజనమయ్యాక దిల్‌సుఖ్‌నగర్‌లోని కోచింగ్ సెంటర్‌కు వెళ్తే మళ్లీ రాత్రికే రావడం. భర్త శ్రీకర్‌ది ఓ కంపెనీలో కంప్యూటర్ల రోగాలు కుదిర్చే ఉద్యోగం. రోజంతా ఫోన్లో జనం గోడు వినీ వినీ అతనికో సిద్ధాంతం ఏర్పడిపోయింది. మిషన్ ఎప్పుడూ మంచిదే, మనిషే చెడ్డవాడు.

తల తుడుచుకుంటూ వచ్చి ఆ సిద్ధాంతమే మళ్లీ చెప్పాడు. "సిస్టం ఊకెనే స్లో గాదు. వాడేటోళ్లకు జాగ్రత్త లేక స్లో అయితది. కనపడ్డదల్ల నొక్కుడు, అడ్డమైనవన్ని దించుకునుడు. నేను రోజు చూస్త గద."

"ఏడేళ్లయింది దాన్ని కొని. నెలకో అప్‌డేట్ వచ్చి నెత్తిన కూర్చుంటోంది. ఓపికైపోయింది దానికి. ఇందులో మనం చేసిన పాపమేంటి?" అంది మృదుల.

"మరి లోపల జాగా ఎట్ల నిండింది? నువ్వు నింపలే, నేను నింపలే. అమ్మా, నువ్వేమన్న ముట్టినవా?"

అండాలమ్మ చూపు పక్కకు తిప్పుకుంది. "నేనా? నాకేం తెలుస్తదిరా అది. నేను ముట్టనే ముట్టలే."

"సరే. ఆదివారం మొత్తం తుడిచేసి మళ్ల కొత్తగ ఎక్కిస్త. మృదులా, నీ క్లాసులయి ఏమన్న ఉంటె పెన్‌డ్రైవుల ఏస్కో."

తల్లివి ఏమైనా ఉన్నాయా అని అడగలేదు. అడగాలని తోచనే లేదు పాపం. ఇడ్లీలు నిలబడే మింగి మెట్రో స్టేషన్‌కు పరుగెత్తాడు.

మధ్యాహ్నం మృదుల కూడా వెళ్లిపోయాక ఎల్బీ నగర్‌లోని ఆ మూడో అంతస్తు ఫ్లాటులో ఇక మాటన్నది ఉండదు. ఎదురింటి వాళ్లు తలుపు తీయరు. కింద రోడ్డు మీద ఎంత గోల ఉన్నా అందులో అండాలమ్మను పిలిచే గొంతు ఒక్కటీ లేదు. ఆవిడ అన్నం గిన్నెలు సర్ది, తలుపు గడియ వేసి, కంప్యూటర్ ముందు కూర్చుంటుంది.

ఆ కంప్యూటర్ కొన్నది ఆవిడ భర్త రామస్వామి. ఒకప్పుడు దిల్‌సుఖ్‌నగర్‌లో ఆయనకు క్యాసెట్ల దుకాణం ఉండేది. ఎవరికే పాటలు కావాలంటే అవి క్యాసెట్టులోకి ఎక్కించి ఇచ్చేవాడు. దుకాణం మూతపడ్డా మిగిలిన టేపులు పారేయబుద్ధికాక, చాలా ఏళ్ల తర్వాత వాటన్నిటినీ ఈ కంప్యూటర్లోకి మార్చుకున్నాడు. అందులో ఒక్కటి మాత్రం పాట కాదు. ఎప్పుడో రికార్డింగ్ మీట నొక్కి మరిచిపోతే దుకాణంలో మాటలన్నీ అందులో పడ్డాయి. గిరాకీలతో బేరాలు, చాయ్ కోసం కేకలు, పక్క దుకాణపాయనతో పరాచికాలు, మధ్యలో ఇంటికి చేసిన ఫోను.

మూడేళ్ల క్రితం ఆయన పోయాడు. ఆ టేపు ఎలా పెట్టుకోవాలో మాత్రం పోకముందే ఆవిడకు నేర్పాడు. దాంతోపాటు తన దుకాణం కట్టుబాటు కూడా నేర్పాడు. మాస్టర్ టేపును, అంటే అసలుదాన్ని, ముట్టొద్దు, తిప్పినకొద్దీ అరుగుతుంది, వినాలంటే కాపీ తీసి కాపీనే వినాలి.

అండాలమ్మ ఆ మాట జవదాటలేదు. ఒక కాపీ తీసింది, దాన్నే చాలాకాలం వింది. ఒకరోజు ఆయన గొంతు మాట మధ్యలో ఆగి, తడబడి, మళ్లీ మొదలైంది. అరిగిపోయిందనుకుని ఇంకో కాపీ తీసింది. పాతదాన్ని తీసెయ్యడానికి మనసొప్పలేదు. మొగుడి గొంతును చేతులారా ఎట్లా తుడిచేస్తుంది? ఈమధ్య రోజుకొకటి తీసినా గొంతు తడబడుతూనే ఉంది. ఇప్పుడు ఆదివారం కొడుకు అంతా తుడిచేస్తే ఆ గొంతే ఉండదు.

చెప్పేద్దామని శనివారం సాయంత్రం కొడుకు పక్కన చేరింది. "శ్రీకర్, మీ నాయిన..." అందో లేదో, అతను చెవుల్లో ఇయర్‌ఫోన్లు సర్దుకుంటూ "ఫోనొస్తున్నదమ్మా" అని బాల్కనీలోకి వెళ్లిపోయాడు. ఫోనేమీ మోగలేదు. తండ్రి పేరెత్తితే లేచిపోవడం మూడేళ్లుగా అతనికి అలవాటు.

ఆదివారం టిఫిన్లయ్యాక శ్రీకర్ కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. తుడిచేముందు ఇంత జాగా తింటున్నదేమిటో చూద్దామని వెతికాడు. ఒక ఫోల్డర్ తెరిచి బిత్తరపోయాడు. దుకాణం కాపీ, దుకాణం కాపీ, దుకాణం కాపీ, కిందికి జరిపినకొద్దీ అదే.

"అమ్మా! ఇటు రా." గొంతు పెద్దదైంది. "ముట్టలేదంటివి. ఇదేంది మరి? ఒక్కటే ఫైలు ఇన్నిసార్లా? నీ పనికి మృదుల అందరి ముందట మాట పడుతున్నది. ఇంత లెక్కలేనితనమా నీకు? జర సోయుండాలె గద!"

"మెల్లగా మాట్లాడండి" అంది మృదుల.

అతను వినిపించుకోలేదు. విసురుగా అన్నిటినీ ఒక్కసారే ఎంచి, చెరిపే మీట మీదికి వేలు పోనిచ్చాడు. అండాలమ్మ ఒక్క ఉదుటున వచ్చి ఆ చెయ్యి పట్టుకుంది.

"వద్దురా! అండ్ల మాస్టరున్నది. మీ నాయినది."

"వదులమ్మా..."

"వదల. లెక్కలేనితనం అంటవా? మూడేండ్ల సంది మాస్టర్‌ను ఒక్కపారి గూడ ముట్టలేదురా నేను. కాపీ తీసి కాపీనే వింటున్న. అది అరిగితె ఇంకోటి తీస్తున్న. ఇంతకన్న జాగ్రత్త ఎట్ల చెయ్యాలె, నువ్వే చెప్పు!"

"అరుగుడేందమ్మా?"

"మాట నడుమ ఆగుత లేదా? ఎక్కిళ్లొచ్చినట్టు కొట్టుకుంటలేదా? అరిగితెనే గద టేపు అట్లయితది."

శ్రీకర్ మీట మీంచి వేలు తీసేశాడు. కాపీలు పెరిగి కంప్యూటర్ మందగించింది. అది మందగించి గొంతు తడబడింది. గొంతు తడబడిందని తల్లి మరో కాపీ తీసింది. మనిషిదే తప్పని రోజూ పదిమందికి చెప్పేవాడికి ఈ మనిషిలో తప్పెక్కడుందో వేలు పెట్టి చూపడం చేతకాలేదు.

"ఇది అరగదమ్మా" అన్నాడు. "ఇది క్యాసెట్టు గాదు. ఎన్నిసార్లు విన్నా అట్లనే ఉంటది. నన్ను అడగకపోయినవా?"

"ఎప్పుడు అడగాలె? నాయిన మాటెత్తితె లేచిపోతవు. మీరిద్దరు పోతె మళ్ల రాత్రికే వస్తరు. వొచ్చినంక చెవులల్ల అవి పెట్టుకుంటరు. నేను గోడలతోని మాట్లాడాల్నా? ఆయనయితె అడుగుతడు, నేను జవాబు చెప్త. గా టేపు నడిచే ముప్పావుగంటనే నేను మనిషి లెక్కుంట."

మృదుల తల వంచుకుంది. శ్రీకర్ కుర్చీ తల్లి వైపు తిప్పాడు.

"ఈ ఫైలున్నదని నాకెర్కనే అమ్మా. నాయిన పోయిన కొత్తల కనపడ్డది. నొక్కబోయిన, చెయ్యాడలే. మళ్ల ఇటు దిక్కు చూడలే. తుడిస్తె అది గూడ పోతదని మనసుకు రానియ్యలే. ఆ గొంతు వింటె తట్టుకోలేననే లేచిపోతున్న గని, నాయిన మీద ప్రేమ, పావురం లేక గాదు."

ఒకే ఇంట్లో, ఒకే మనిషి కోసం, చెరో మూల కూర్చుని ఏడ్చుకున్నారన్నమాట ఇన్నాళ్లూ. అండాలమ్మ కొడుకు తల దగ్గరికి తీసుకుంది.

"ముందు దాన్ని ఇంకోచోట భద్రం చేయండి" అంటూ మృదుల తన పెన్‌డ్రైవు తెచ్చి ఇచ్చింది. శ్రీకర్ అందులో వేశాడు, తన ఫోన్లో వేశాడు, అమ్మ ఫోన్లో కూడా వేశాడు. తర్వాత కుర్చీలోంచి లేచి తల్లిని కూర్చోబెట్టాడు.

"పెట్టమ్మా. కాపీ వద్దు, అసలుదే పెట్టు. ఏం గాదు, నేనున్న."

అండాలమ్మ మీట మీద వేలు పెట్టింది. మొగుడి మాట మొదటిసారి దాటుతున్నట్టు అనిపించి, మనసులోనే క్షమించమని అడిగి, నొక్కింది.

"ఆఁ, రా అన్నా, ఏం గావాలె?" అంటూ రామస్వామి గొంతు హాలంతా పరుచుకుంది. శ్రీకర్ మెడలోని తువ్వాలుతో ముఖం కప్పుకున్నాడు. బేరం జరిగింది, చాయ్ వచ్చింది, ఎవరో పెద్దగా నవ్వారు. అంతలో గొంతు తడబడి టక్కున ఆగిపోయింది.

"చూసినవా, అరిగింది!" అంది అండాలమ్మ కంగారుగా.

"అరగలేదమ్మా. ఈ డబ్బ ముసల్దైంది, అంతే. నీ తప్పేం లేదు."

"నేను మొదట్నుంచీ మొత్తుకుంటోంది అదేగా" అంది మృదుల కళ్లు తుడుచుకుంటూ.

గొంతు మళ్లీ వచ్చింది. ఇంటికి ఫోను చేస్తున్నాడు రామస్వామి. "అండాలూ, పిలగాడు ఇంటికొచ్చిండా?"

ప్రతి మధ్యాహ్నం ఈ మాట దగ్గర ఆవిడ ఖాళీ ఇంట్లో "ఇంకా రాలే" అని జవాబు చెబుతుంది. ఇవాళ కూడా అలవాటుగా నోరు తెరిచింది. ఈలోపే శ్రీకర్ నేల మీద ఆవిడ మోకాళ్ల దగ్గర కూలబడ్డాడు.

"వచ్చిన నాయినా" అన్నాడు. "ఇంట్లనే ఉన్న."