ఆరోరా తుడిచేసిన గీత

పామిడి వంతెన మీద నుంచి జీపు పెన్నలో పడింది. నీళ్లుంటే ఇంజనీర్ తిమ్మప్ప బతికేవాడేమో. 1985లో పెన్నలో ఇసుకే ఉంది.

"యాక్సిడెంట్ కాదు," అన్నాడు గూఢచారి శాఖ చీఫ్ గంగాధరప్ప. "బెళుగుప్ప టెలిస్కోప్ తీసే ఫొటోలను కంప్యూటర్‌లో చూసి, మచ్చలు తుడిచే సాఫ్ట్‌వేర్ కావాల. పోటీలో రెండు మిగిలినాయి. మనోళ్లు రాసిన ధ్రువ, విదేశీ ఆరోరా. ఆరోరా వద్దన్నోడు తిమ్మప్ప. ఈ పొద్దు మూడు గంటలకు కమిటీ సంతకం చేస్తాది. దేశంలో టెలిస్కోపులన్నిటికీ అదే."

"ఆరోరా కావాలన్నదెవరు?"

"డాక్టర్ రామాంజినమ్మ."

అడిగింది ఏజెంట్ దివాకర్. వచ్చే నెల ఆమెతోనే అతని పెళ్లి.

ప్రింటర్ మెకానిక్ వేషంలో, పెట్టుడు మీసంతో, కమిటీ కూర్చునే భవనంలోని కంప్యూటర్ గదిలోకి వెళ్లాడు. ఒకే ఫొటోను రెండు సాఫ్ట్‌వేర్లతో ప్రింట్ తీశాడు. రెండూ ఒకేలా ఉన్నాయి. కానీ అతను ధర్మవరం మగ్గం ఇంట్లో పుట్టినవాడు. చీర అంచు నేసేముందు గ్రాఫ్ కాగితం మీద పువ్వును చూడొద్దని, గళ్లే లెక్కపెట్టమని నాయన నేర్పాడు. పెన్నులో దాచిన భూతద్దం తీసి, వరుస వరుసా లెక్కపెట్టాడు.

ఆరోరా కాగితంలో వరుసకొక చుక్క తక్కువ. ఆ చుక్కల్ని కలిపితే ఏటవాలు గీత. మిగతా ఉపగ్రహాల గీతలన్నీ ఉన్నాయి. లేనిది ఒక్కటే, ఏజెంట్‌గా అతనికి దారి తెలిసిన విదేశీ గూఢచారి ఉపగ్రహానిది.

"మీసం వంకరగా ఉండాది."

గుమ్మంలో రామాంజినమ్మ. పట్టుచీర, నల్లకళ్లద్దాలు, విదేశీ సెంటు.

"ఆరోరా వాళ్లకు చెప్తానే ఉన్నా, ధర్మవరమోళ్లను దూరం పెట్టండని."

"తిమ్మప్పన్నను చంపిస్తివా?"

"జీపు సంగతి తర్వాత తెలిసింది. అప్పటికి బయటపడే దారి లేదు." హ్యాండ్‌బ్యాగ్‌లోంచి రెండు పాస్‌పోర్టులు తీసింది. అతని ఫొటో ఉన్నదాన్ని చేతికిచ్చింది. "ఆ కాగితం చించెయ్. రాత్రికి బొంబాయిలో ఉంటాం."

"ముందే నన్నడిగింటే?"

"రానంటావని తెలుసు."

గడియారం మూడు కొట్టబోతోంది. పాస్‌పోర్టును టేబుల్ మీద పెట్టి, కాగితాలు పట్టుకుని పరుగెత్తాడు. చైర్మన్ పెన్ను అప్పటికే మొదటి అక్షరం మీద ఉంది.

"ఆగండి సార్!"

గీత చూపించాడు. దీని వెనక ఉన్నదెవరని వాళ్లు అడిగారు. డాక్టర్ రామాంజినమ్మ అని అతనే చెప్పాడు.

ఆమె పారిపోలేదు. పోలీసు వ్యాన్ ఎక్కుతూ దివాకర్ వైపు తిరిగి, "లెక్క తప్పలేదులే," అంది.

కమిటీ ధ్రువకు సంతకం చేసింది. దాంట్లో ఒక్క ఫొటో తెరుచుకోవడానికి నలభై నిమిషాలు పడుతుందని ఆపరేటర్ నొచ్చుకుంటూ చెప్పాడు.

దివాకర్ కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "తెరువప్పా. నాకేం తొందర్లేదు."