నెల ముందుకు పోయిన ఫోన్

మధ్యాహ్నం మూడు గంటలైంది. అరుణజ్యోతి ఫోన్ పట్టుకుని మిద్దె మీద అటూ ఇటూ తిరుగుతోంది. పాలిటెక్నిక్ సీటుకు దరఖాస్తు పెట్టడానికి ఈరోజే ఆఖరు. ఐదింటికి వెబ్‌సైట్ మూసేస్తారు.

"కనెక్షన్ సురక్షితం కాదు" అంటోంది ఫోన్. మళ్లీ నొక్కింది. మళ్లీ అదే.

"ఏమ్మా, రాలేదా?" కిందనుంచి నాయన శ్రీరంగప్ప అడిగాడు.

"లేదు నాయనా."

"టవరే పోయింటాది," అంటూ ఆయన గొర్రెలకు నీళ్లు పెట్టడానికి వెళ్లాడు.

చెల్లెలు చంద్రిక మెట్ల మీద కూర్చుని ఉంది. పదేళ్ల పిల్ల. అక్కడినుంచి చూస్తే కుందుర్పి దాకా దున్ని పెట్టిన ఎర్ర చేలే. వాన పడితే వేరుశనగ విత్తాలి. తెల్లని మబ్బు ఒకటి నీడను ఈడ్చుకుంటూ చేల మీదుగా మెల్లగా పోతోంది. ఒక్క చుక్క కూడా రాల్చలేదు.

ఫోన్లో చంద్రిక ఆడే ఆటలో ఒక తోట ఉంది. ఆ తోటలో రోజుకు ఒక్కసారే వాన పడుతుంది. నిన్న సాయంత్రం ఆమె ఆగలేకపోయింది. సెట్టింగుల్లోకి వెళ్లి తారీఖును ఒకరోజు ముందుకు జరిపింది. వాన కురిసింది. ఇంకోరోజు జరిపింది. మళ్లీ కురిసింది. అలా జూన్ దాటి జూలై చివరికి వెళ్లిపోయింది. తెరంతా పచ్చగా అయింది. ఫోన్ చెవికి ఆనించుకుని, వాన చప్పుడు వింటూ అలాగే కళ్లు మూసుకుంది. తారీఖు మళ్లీ వెనక్కి మార్చడం మర్చిపోయింది.

'తారీఖుకీ వెబ్‌సైట్‌కీ సంబంధం ఏముంటుందిలే,' అనుకుంది ఇప్పుడు. కానీ అక్క చేతిలోని ఫోన్ మీదనుంచి చూపు తిప్పుకోలేదు.

అరుణజ్యోతి కుందుర్పిలో నెట్ సెంటర్ నడిపే గౌస్ మొహిద్దీన్‌కు ఫోన్ చేసింది.

"ఈడ బాగానే తెర్చుకుంటాండాదమ్మా," అన్నాడాయన. "మీ ఫోన్లోనే ఏదో ఉండాది. ఎవరన్నా సెట్టింగులు మార్చినారేమో చూడు. లేదంటే ఈడికే రా."

"బస్సు నాలుగున్నరకు గానీ లేదన్నా. వచ్చేసరికి ఐదు దాటిపోతాది."

ఫోన్ పెట్టేసి చెల్లెలి వైపు తిరిగింది. "నువ్వేమన్నా మార్చినావా?"

"లేదక్కా." ఆలోచించేలోపే మాట బయటికి వచ్చేసింది.

"అయితే మెమరీ నిండిపోయిండాది." అరుణజ్యోతి ఫొటోలు తుడిచేయడం మొదలుపెట్టింది. జాతర ఫొటోలు పోయాయి. స్కూలు ఫొటోలు పోయాయి. తర్వాత ఒక వీడియో దగ్గర వేలు ఆగింది.

అందులో అవ్వ అంజనమ్మ చాటలో వేరుశనగ గింజలు చెరుగుతూ నవ్వుతోంది. అవ్వ పోయి ఏడాదైంది. ఆమె గొంతు ఉన్న వీడియో అదొక్కటే.

"ఇదే అన్నిట్లోకీ పెద్దది," అంది అరుణజ్యోతి. "పోనీలే. అవ్వ ఉన్నింటే చదువుకోమనే చెప్పేది."

చంద్రిక లేచి వచ్చి అక్క చెయ్యి పట్టుకుంది.

"వద్దక్కా. తుడపద్దు. తారీఖు నేనే మార్చినా."

అరుణజ్యోతి చెల్లెలి ముఖంలోకి చూసింది. తారీఖు సరిచేసింది. పేజీ తెల్లగా మెరిసి, నెమ్మదిగా తెరుచుకుంది.

చంద్రిక సర్టిఫికెట్లు తెచ్చి, నంబర్లు ఒక్కొక్కటీ చదివి చెప్పింది. నాలుగున్నరకల్లా దరఖాస్తు వెళ్లిపోయింది.

"తారీఖు తప్పయితే ఎందుకు తెర్చుకోదక్కా?" మెల్లగా అడిగింది.

"సైటుకు ఒక గుర్తింపు కార్డు లాంటిది ఉంటాది. దానికి గడువు ఉంటాది. మన ఫోన్ ఒక నెల ముందుకు పోయి చూసింది కదా, ఆ కార్డుకు గడువు అయిపోయిందనుకున్యాది."

నాయన చేతులు తుడుచుకుంటూ పైకొచ్చాడు. "అయ్యిందా? చూడు, టవరేనని చెప్పినా కదా."

అరుణజ్యోతి తల దించుకుని కాగితాలు సర్దుకుంటోంది. అసలు సంగతి ఆమె చెప్పేలా లేదు. ఎవరూ అడగరు కూడా.

"టవర్ కాదు నాయనా," అంది చంద్రిక. "ఆటలో వాన కోసం నేను తారీఖు మార్చినా. అక్క అడిగితే మార్చలేదని అబద్ధం చెప్పినా."

శ్రీరంగప్ప కాసేపు ఎర్ర చేల వైపు చూశాడు.

"వాన కోసమా," అన్నాడు.

చంద్రికను పక్కకు పిలుచుకుని మెట్టు మీద కూర్చున్నాడు.

"నాకూ అట్ల తారీఖు జరపాలనే ఉంటాది లేమ్మా."